మా పక్కింటి క్వేకర్ ఆంటీ గురించి అందరూ అడిగేవి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లోని యార్క్‌లో మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. ఆవిడ క్వేకర్, అంటే 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ మనిషి. వయసు 79. భర్త లేరు, కొడుకు న్యూజిలాండ్‌లో. ఒక్కరే ఉంటారు గానీ ఇంట్లో దొరకడం కష్టం. ఆరు నెలల వీసా మీద వచ్చే అమ్మానాన్నలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు, మా ఇంటికి వచ్చిన తెలుగువాళ్ళంతా ఆవిడని చూశాక నన్ను అవే ప్రశ్నలు అడుగుతున్నారు. వాట్సాప్‌లో ఒకే జవాబు ఎన్నిసార్లు టైప్ చేశానో లెక్కలేదు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఆవిడకి చదివి, అర్థం చెప్పి వినిపించాను. పేరు రాయొద్దన్నారు. రెండుచోట్ల "అది మా మీటింగ్ (మా ఊరి క్వేకర్ల సంఘం) సంగతి, క్వేకర్లందరిదీ కాదు" అని దిద్దించారు. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

## పరిచయమైన కొత్తలో

క్వేకర్ అంటే ఓట్స్ డబ్బా మీద తాతగారేనా?

కాదు. ఆ కంపెనీకీ వీళ్ళకీ ఏ చుట్టరికమూ లేదు. క్వేకర్లంటే తూకంలో మోసం చేయరని జనంలో పేరుండేది. దాన్ని చూసి 1877లో అమెరికాలో ఒక ఓట్స్ మిల్లు ఆ బొమ్మని ట్రేడ్‌మార్క్‌గా పెట్టుకుంది. నిజంగా చుట్టరికం ఉన్నది చాక్లెట్‌తో. క్యాడ్‌బరీ, ఫ్రై, రౌన్‌ట్రీ మూడూ క్వేకర్ కుటుంబాలు నడిపినవే. మన పిల్లలు తినే కిట్‌క్యాట్ 1935లో మా ఊరి రౌన్‌ట్రీ ఫ్యాక్టరీలో పుట్టింది. ఒకప్పుడు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల తలుపులు వీళ్ళకి మూసి ఉండేవి, అందుకని వ్యాపారాల్లోకి దిగారు. ఆంటీ పొద్దున్నే తినేది మాత్రం ఓట్స్ గంజే. సూపర్‌మార్కెట్ సొంత బ్రాండు, అన్నిటికంటే చవకది.

అసలు ఆ పేరేమిటి? ఆవిడేమో "ఫ్రెండ్స్" అంటున్నారు.

క్వేకర్ అంటే వణికేవాడు. ఈ పద్ధతికి మూలపురుషుడు జార్జ్ ఫాక్స్‌ని 1650లో డెర్బీలో జడ్జి ముందు నిలబెట్టారు. దేవుడి మాట విని వణకమని ఆయన జడ్జికే చెప్పాడు. జడ్జి ఎగతాళిగా అన్న మాట పేరై కూర్చుంది. అసలు పేరు రెలిజియస్ సొసైటీ ఆఫ్ ఫ్రెండ్స్. అందుకే ఆంటీ "ఒక ఫ్రెండ్‌ని చూడ్డానికి వెళ్తున్నా" అంటే స్నేహితురాలు కావచ్చు, మీటింగ్‌లో ఆవిడకి అస్సలు పడని మనిషీ కావచ్చు.

వీళ్ళు క్రైస్తవులేనా? మతం మారమంటారేమోనని అమ్మ టెన్షన్ పడుతోంది.

టెన్షన్ అక్కర్లేదు. పుట్టుక 17వ శతాబ్దపు ఇంగ్లండ్ క్రైస్తవంలోనే. ఇప్పటికీ చాలామంది క్రైస్తవులమనే చెప్పుకుంటారు. కానీ బ్రిటన్ క్వేకర్లలో దేవుడన్న మాటకి దూరంగా ఉండేవాళ్ళు కూడా ఉన్నారు. ఫలానాది నమ్ముతున్నానని అప్పజెప్పే పాఠం లేదు, బాప్తిస్మం లేదు, రొట్టె-ద్రాక్షారసం లేదు. ప్రతి మనిషిలోనూ దేవుడి అంశ ఒకటి ఉందన్నది వాళ్ళ మూలమాట. మా అమ్మ అది విని "అంతర్యామి అనే కదా, ఇందులో కొత్తేముంది" అంది. ఆరేళ్ళలో ఆంటీ నన్ను ఒక్కసారి కూడా రమ్మనలేదు, నేనే అడిగి వెళ్ళాను. మరీ ఇంత మొహమాటమైతే కొత్తవాళ్ళు ఎలా తెలుసుకుంటారని వాళ్ళ మీటింగ్‌లోనే సణుగుడు ఉంది. ఇదంతా బ్రిటన్ సంగతి. క్వేకర్లు అందరికంటే ఎక్కువ ఉన్న దేశం కెన్యా. అక్కడా, అమెరికాలో కొన్నిచోట్లా పాస్టర్లూ పాటలూ అన్నీ ఉంటాయి.

ఆవిడని ఏమని పిలవాలి? మేడమా, మిసెసా, ఆంటీనా?

ఆవిడకి ఇష్టమైంది పేరు. మిస్టర్, మిసెస్, సర్, లార్డ్ లాంటివి వాడకపోవడం వీళ్ళ పాత పట్టుదల. ఇంగ్లీషులో ఒకప్పుడు మనకున్నట్టే నువ్వు-మీరు తేడా ఉండేది. క్వేకర్లు జడ్జినీ, జమీందారునీ, అందరినీ నువ్వే అన్నారు, టోపీ తీయలేదు, జైళ్ళకి వెళ్ళారు. ఇప్పటి ఇంగ్లీషువాళ్ళకి ఇది వింత కబురు. మనకి మాత్రం వెంటనే అర్థమవుతుంది: ఆఫీసులో జనం నిండా ఉండగా కలెక్టర్ని "ఏం, బాగున్నావా" అని పలకరించినట్టు. మా నాన్నకి పెద్దావిడని పేరుపెట్టి పిలవడానికి నోరు రాలేదు, "అమ్మా" అన్నారు. ఆవిడ అర్థం అడిగి తెలుసుకుని, ఇదీ ఒక బిరుదే కదా అని నవ్వి ఊరుకున్నారు. నేను ఆంటీ అంటాను, ఆరేళ్ళుగా సర్దుకుపోతున్నారు.

ఆమిష్ వాళ్ళలా కరెంటు వాడరా? బూడిద రంగు బట్టలే వేసుకోవాలా?

రెండూ వేరు. ఆమిష్ వాళ్ళ మూలాలు స్విట్జర్లాండ్‌వి. క్వేకర్లు బూడిద రంగు బట్టలూ బానెట్లూ వదిలేసి నూరేళ్ళు దాటింది. ఆంటీకి స్మార్ట్‌ఫోన్ ఉంది, జూమ్‌లో కమిటీలు నడుపుతారు. సింపుల్‌గా ఉండటం అన్నది వేరేచోట కనిపిస్తుంది. ఆవిడ చలికోటు 1990ల నాటిది, మోచేతుల దగ్గర రెండుసార్లు అతుకులు వేశారు.

## మొదటిసారి ఆదివారం వెళ్ళేవాళ్ళకి

గంటసేపు నోరు మూసుకుని కూర్చోవడమేనా పూజంటే?

అంతే. కుర్చీలు గుండ్రంగా వేసి ఉంటాయి. మధ్యలో బల్ల, దాని మీద పూలు, ఒక బైబిలు, వాళ్ళ పుస్తకం ఒకటి. పూజారి లేడు, పాట లేదు, దీపం లేదు, బొమ్మ లేదు. మొదటి మనిషి వచ్చి కూర్చోగానే పూజ మొదలైనట్టు.

మౌనమంటే నిశ్శబ్దం అనుకుని వెళ్ళాను. రేడియేటర్ టిక్కుమంటుంది, ఎవరి కడుపో గుర్రుమంటుంది, ఒక తాతగారి వినికిడి మిషను కుయ్యిమంటుంది. మొదటి ఇరవై నిమిషాలూ నేను ఫ్రిజ్‌లో పాలున్నాయా లేవా అని ఆలోచించాను. బయటికొచ్చాక సిగ్గుపడుతూ చెబితే, ఆంటీ "నలభై ఏళ్ళుగా నేనూ కూరల లిస్టే రాసుకుంటున్నా" అన్నారు. మనసు పోవడం తప్పు కాదట, పోయిందని చూసుకుని వెనక్కి రావడమే పనట. మనం ఇంట్లో చేసుకునే ధ్యానానికీ దీనికీ ఒక తేడా ఉంది. ఇది ఒంటరిగా చేసేది కాదు. నలుగురూ కలిసి ఒకే మౌనంలో కూర్చుని ఎదురుచూడటం. ఏదో ఒక ఆదివారం గదిలో గాలి బరువెక్కినట్టు తెలుస్తుంది. అన్ని ఆదివారాలూ తెలియదు. చివర్లో ఎల్డర్లు ఇద్దరు కరచాలనం చేసుకుంటారు, తర్వాత అందరూ పక్కవాళ్ళతో. అయిపోయినట్టు.

మధ్యలో ఒకాయన లేచి మాట్లాడి కూర్చున్నాడు. ఎవరూ పలకలేదు. మనం ఏమైనా అనాలా?

అనకూడదు. దాన్ని మినిస్ట్రీ అంటారు, మంత్రిపదవి కాదు! లోపలి నుంచి తోసుకొచ్చిందనిపిస్తే ఎవరైనా లేచి చెప్పొచ్చు, మొదటిసారి వచ్చిన మీరైనా. దానికి జవాబివ్వరు, వాదించరు, చప్పట్లు కొట్టరు. ఇంకొకరు లేవాలంటే కొంతసేపు ఆగుతారు. ఒక్కోసారి గంటంతా ఒక్కరూ లేవరు.

ఆంటీ లేవడం నేను చూసింది రెండేసార్లు. రెండోసారి చెప్పింది మూడే వాక్యాలు. భర్త బూట్లు ఇన్నేళ్ళూ తలుపు దగ్గరే ఉన్నాయని. ఈ వారం ఇంగ్లీషు క్లాసుకి వచ్చే ఒక శరణార్థి కుర్రాడికి సరిపోయాయని. ఇప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకుంటోందని. కూర్చున్నారు.

ఏం కట్టుకెళ్ళాలి? చెప్పులు విప్పాలా? హుండీలో ఎంత వేయాలి?

మామూలు బట్టలు చాలు. చీర కట్టుకున్నా ఎవరూ తేరిపార చూడరు, కాకపోతే పైన స్వెటర్ వేసుకోండి, వాళ్ళు హీటింగ్ పొదుపుగా వాడతారు. చెప్పులు విప్పక్కర్లేదు. పళ్ళెం తిప్పరు. తలుపు దగ్గర చిన్న పెట్టె ఉంటుంది, వేస్తే వేయండి, లేకపోతే లేదు. తర్వాత టీ, బిస్కెట్లు. తాగాక కప్పు మీరే కడిగి పెడితే ఆ రోజుకి మీరు సగం క్వేకర్.

చంటిపిల్లలతో వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. మా ఊళ్ళో పిల్లలు పదిహేను నిమిషాలు పెద్దవాళ్ళతో కూర్చుని, తర్వాత వేరే గదిలో బొమ్మలు వేసుకుంటారు. మధ్యలో ఏడిస్తే ఎవరూ మొహం చిట్లించరు.

## వారంలో మిగతా రోజులు

ఆదివారం అయిపోయాక ఈ వయసులో ఆవిడకి పనేముంటుంది?

ఆవిడ వంటింట్లో ఫ్రిజ్ మీద ఒక క్యాలెండర్ ఉంది. అన్నీ పెన్సిల్‌తోనే రాస్తారు, పక్కనే దారానికి కట్టిన రబ్బరు వేలాడుతుంది. పోయిన నెలలో ఒక వారం చూసి రాసుకున్నాను.

సోమవారం మీటింగ్ హౌస్ తాళాలు ఆవిడ దగ్గరుంటాయి. వారం మధ్యలో ఆ గదులు యోగా క్లాసులకీ, తాగుడు మానాలనుకునేవాళ్ళ కూటాలకీ అద్దెకిస్తారు, తలుపు తీయాలి, కుర్చీలు సరిచూడాలి. మంగళవారం శరణార్థులకి ఇంగ్లీషు కబుర్ల క్లాసు. గ్రామర్ ఉండదు. బస్సు ఎక్కడం, డాక్టర్ అపాయింట్‌మెంట్ అడగడం, ఇలాంటివి. బుధవారం ఫుడ్ బ్యాంకులో డబ్బాల మీద తేదీలు చూసి సర్దడం. గురువారం అలాట్‌మెంట్, అంటే ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చే కూరగాయల మడి. ఒంటరిగా తవ్వలేక ఇంకో ఇద్దరు ముసలివాళ్ళతో పంచుకున్నారు. శుక్రవారం "పెద్దవాళ్ళని" చూసి రావడం. పెద్దవాళ్ళంటే 90 దాటినవాళ్ళట! శనివారం ఉదయం జైల్లో ఉన్నవాళ్ళకి ఉత్తరాలు.

ఇదంతా సీనియర్ల ఉచిత బస్సు పాసు మీద. మామూలు రోజుల్లో పాసు పొద్దుటి రద్దీ టైము దాటాకే చెల్లుతుంది కాబట్టి దానికి ఐదు నిమిషాల ముందే మా వీధి బస్టాపులో తెల్లజుట్ల క్యూ ఒకటి తయారవుతుంది. మొదట ఆవిడే ఉంటారు.

పాపం, ఈ వయసులో ఇంత తిరగడమేమిటి? పిల్లలు చూసుకోరా?

మా అమ్మ వచ్చిన మొదటి వారం అడిగిన ప్రశ్న ఇదే, "పాపం"తో సహా. కొడుకు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు, రమ్మంటాడు. ఆవిడే వెళ్ళరు. ఇక్కడ అసలు విషయం వేరే ఉంది. బ్రిటన్ క్వేకర్లలో పూజారి లేడు. పూజారి లేడంటే పూజారి చేసే పనులు లేవని కాదు, అవన్నీ అందరి నెత్తిన పడతాయని. తలుపు దగ్గర నిలబడటం, పూలు పెట్టడం, లెక్కలు, జబ్బుపడినవాళ్ళని చూడటం, పైకప్పు కారితే మేస్త్రీని పిలవడం. నామినేషన్స్ కమిటీ అని ఒకటుంటుంది, ఎవరికి ఏ పని నప్పుతుందో ఆలోచించి అడుగుతుంది. మామూలుగా మూడేళ్ళు, తర్వాత పని ఇంకొకరికి. పోటీ చేయరు, జీతం లేదు, ఇన్నేళ్ళు నిండాక ఇంట్లో కూర్చో అనే రూలూ లేదు. ఆంటీకి 76వ ఏట పడ్డ పని వెబ్‌సైట్ చూసుకోవడం. రాదంటే నేర్చుకోమన్నారు. నేర్చుకున్నారు, మా అబ్బాయిని వారం రోజులు వాయించి మరీ.

సంక్రాంతి ఫంక్షన్‌లో మా రాఫిల్ టికెట్ కొనలేదేం? రెండు పౌండ్లేగా?

డబ్బు సంగతి కాదు. జూదం, లాటరీ క్వేకర్లకి పడవు. ఒకరు పోగొట్టుకుంటేనే ఇంకొకరికి వచ్చే డబ్బు వద్దంటారు. మంచిపనికైనా లాటరీ టికెట్ కొనరు. ఆ రోజు నేను కౌంటర్ దగ్గరే ఉన్నాను. మన కుర్రాడు టికెట్ పుస్తకం చాపాడు. ఆవిడ పర్సు తీసి పది పౌండ్ల నోటిచ్చి, "టికెట్ వద్దు నాన్నా, ఊరికే ఉంచుకో" అన్నట్టు చెప్పారు. వాడికి అర్థం కాక ఐదు టికెట్లు చింపి చేతిలో పెట్టాడు. ఆవిడ అవి మడిచి మళ్ళీ బల్లమీదే పెట్టి పులిహోర క్యూలోకి వెళ్ళిపోయారు. ఆ ఐదింటిలో ఒకదానికి ప్రెషర్ కుక్కర్ తగిలింది, ఎవరిదో తేలక గంటసేపు రభస.

భోజనానికి పిలుస్తున్నాం. ఏం పెట్టాలి? వైన్ ఉంచొచ్చా?

చాలామంది శాకాహారులు, అందరూ కాదు, ముందే అడగండి. ఆంటీ చేప తింటారు. మందు ఒకప్పుడు పూర్తిగా నిషిద్ధంలా ఉండేది. క్యాడ్‌బరీ కట్టిన బోర్న్‌విల్ కాలనీలో పబ్బే పెట్టనివ్వలేదు. ఇప్పుడు అది ఎవరిష్టం వాళ్ళది. ఆవిడ తాగరు, మీరు తాగితే ఏమీ అనుకోరు. తినేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటారు, ఆ క్షణం వడ్డన ఆపితే చాలు. తిన్నాక గిన్నెలు కడుగుతానంటారు. "అయ్యో వద్దండీ" అని గుంజుకోవద్దు, పక్కన నిలబడి తుడవండి.

నవంబర్‌లో అందరూ ఎర్ర పువ్వు పెట్టుకుంటే ఆవిడ తెల్లది పెట్టుకుంటారేం?

ఎర్ర పాపీ యుద్ధంలో పోయిన సైనికులకి గుర్తు. తెల్ల పాపీని 1933లో కోఆపరేటివ్ విమెన్స్ గిల్డ్ ఆడవాళ్ళు మొదలుపెట్టారు. అది పోయినవాళ్ళందరికీ, ఇక యుద్ధమే వద్దనడానికీ గుర్తు. క్వేకర్ల సొత్తేం కాదు గానీ వాళ్ళలో చాలామంది పెట్టుకుంటారు. ఏ కారణానికైనా ఆయుధం పట్టబోమని 1660లలోనే రెండో చార్లెస్ రాజుకి రాసిచ్చిన మనుషులు. ప్రపంచయుద్ధాల్లో సైన్యంలో చేరనన్న వాళ్ళలో చాలామంది అంబులెన్సులు నడిపారు. ఆంటీ నాన్నగారు వాళ్ళలో ఒకరు. 1947లో నోబెల్ శాంతి బహుమతి బ్రిటన్, అమెరికా క్వేకర్ల సేవాసంఘాలు రెండింటికీ కలిపి వచ్చింది. మా వీధిలో పాత సైనికుడు ఒకాయన తెల్ల పువ్వు చూసి రెండేళ్ళు పలకరించలేదు. మూడో ఏడు ఆయన భార్య పోతే ఈవిడ రోజూ సూప్ పట్టుకెళ్ళారు. ఇప్పుడూ ఆయనకి ఆ పువ్వంటే కోపమే, సూప్ గిన్నె మాత్రం కడిగి పంపిస్తాడు.

దేవుడి మీద ఒట్టు వేయరట, మరి కోర్టులో ఎలా?

ఒట్టు వేసినప్పుడే నిజం చెబుతానంటే మిగతా టైమ్‌లో అబద్ధాలాడతానని ఒప్పుకున్నట్టే కదా అంటారు. దీనికోసం చాలా జైళ్ళు చూశారు. 1690లలో పార్లమెంటు దిగొచ్చి, ప్రమాణం బదులు "నిజంగా చెబుతున్నాను" అని ధ్రువీకరిస్తే చాలని చట్టం చేసింది. దానివల్ల ఇప్పుడు అందరికీ లాభం. నా సిటిజన్‌షిప్ ఫంక్షన్‌లో దేవుడి పేరుతో ప్రమాణమా, ధ్రువీకరణా అని అడిగారు. నేను రెండోది ఎంచుకున్నాను.

## లోపలి సంగతులు తెలిసేకొద్దీ

పూజారి లేడు, ప్రెసిడెంటు లేడు, ఓటింగూ లేదట. మరి ఏ పనైనా ఎలా తెముల్తుంది?

నిదానంగా తెముల్తుంది. లెక్కల సభ కూడా మౌనంతోనే మొదలవుతుంది. నడిపే మనిషిని క్లర్క్ అంటారు. మన లెక్కలో గుమాస్తా, కానీ ఆ సభలో అంతకంటే పెద్ద పదవి లేదు. ఒకరి తర్వాత ఒకరు చెబుతారు. అందరి మాటలూ విని సభ ఎటు మొగ్గుతోందో పట్టుకుని, క్లర్క్ అక్కడికక్కడే తీర్మానం రాసి చదువుతారు. మాట సరిగా లేదంటే దిద్దుతారు. ఒప్పుకుంటే చేతులెత్తరు, "హోప్ సో" అని గొణుగుతారు. అదే ఆమోదం.

మీటింగ్ హౌస్‌ని వేడిచేసే పాత గ్యాస్ బాయిలర్ తీసి, కరెంటు మీద నడిచే హీట్ పంప్ పెట్టాలా వద్దా అన్నది ఆంటీ క్లర్క్‌గా ఉన్నప్పుడే వచ్చింది. పధ్నాలుగు నెలలు పట్టింది. దాదాపు అందరూ సరేనన్నా ఒక ముసలాయన ఖర్చు గురించి ఒప్పుకోలేదు. మన అసోసియేషన్‌లో అయితే ఐదు నిమిషాల్లో మెజారిటీ అని తేల్చేసేవాళ్ళం, ఆయన మరుసటి నెల ఇంకో అసోసియేషన్ పెట్టేవాడు. వీళ్ళు వాయిదా వేశారు. ఆయన చెప్పిన లెక్క మళ్ళీ చూస్తే కిటికీల చలి ముందు ఆపకపోతే పంప్ దండగని తేలింది. ముందు కిటికీలు చేయించి, తర్వాత పంప్ పెట్టారు. ప్రతిసారీ ఇంత చక్కగా కుదరదు. కార్పెట్ రంగు మీద జరిగిన చర్చకి నేను సాక్షిని, ఆ గంటలు నాకు ఎవరూ తిరిగివ్వలేరు.

అంత శాంతంగా ఉంటారు, గొడవలే రావా?

వస్తాయి. అరుపులుండవు, అంతే. అరుపులు లేని గొడవ ఇంకా కష్టమని ఆంటీయే అంటారు. టీ కాచే పెద్ద బాయిలర్ ఎవరు తోమాలన్న దాని మీద ఇద్దరు ఏడాదిపాటు ముభావంగా ఉన్నారు. వాళ్ళు తరచూ చదువుకునే సలహాలూ ప్రశ్నలూ 42 ఉన్నాయి. వాటిలో 17వది "మీరు పొరబడి ఉండొచ్చని కూడా అనుకోండి" అంటుంది. ఆవిడ దాన్ని కాగితం మీద రాసి వంటింట్లో సింకు పైన అంటించుకున్నారు. తనకోసమేనట.

ఆడవాళ్ళకి మొదటి నుంచీ ఇంత చోటుందా?

చాలావరకు. ఆడవాళ్ళు ప్రార్థనాసభల్లో మాట్లాడటం న్యాయమేనని మార్గరెట్ ఫెల్ జైల్లో కూర్చుని రాసింది, 1666లో అచ్చయింది. ఎలిజబెత్ ఫ్రై 1813లో న్యూగేట్ జైల్లో ఆడఖైదీల దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. 2002 నుంచి పదిహేనేళ్ళు ఐదు పౌండ్ల నోటు మీద ఆవిడ బొమ్మే. పల్సార్లనే నక్షత్రాలని కనిపెట్టిన జోస్లిన్ బెల్ బర్నెల్ క్వేకరే, మా ఊరి క్వేకర్ బడి మౌంట్ స్కూల్లో చదివారు. నటి జూడి డెంచ్‌దీ అదే బడి, అదే మతం. అయినా లోపలి పరిపాలనలో మగవాళ్ళ సభ, ఆడవాళ్ళ సభ అని 19వ శతాబ్దం చివరిదాకా వేరుగానే నడిచాయి. మాట్లాడే హక్కు ముందొచ్చింది, డబ్బుసంచి చాలా తర్వాత వచ్చింది.

అంత మంచివాళ్ళా? తప్పులే చేయలేదా?

చేశారు. బానిసత్వాన్ని ఎదిరించినవాళ్ళని వీళ్ళకి పేరు. 1787లో లండన్‌లో బానిస వ్యాపారం మీద పోరాటానికి ఏర్పడిన కమిటీ పన్నెండుమందిలో తొమ్మిదిమంది క్వేకర్లు. కానీ అంతకు నూరేళ్ళ ముందు పెన్సిల్వేనియా స్థాపించిన విలియం పెన్ దగ్గరే బానిసలుండేవారు. ఆ తప్పు ఎత్తిచూపిన బెంజమిన్ లే అనే ఆయన్ని అప్పట్లో సొంతవాళ్ళే వెలేశారు. లండన్‌లో వాళ్ళ కేంద్ర కార్యాలయంలో పెన్ పేరున్న గదికి ఈమధ్యే లే పేరు పెట్టారు. ఆంటీ దీని గురించి మాట్లాడేటప్పుడు గొంతు పెంచరు, తగ్గించరు.

ధర్నాలకి కూడా వెళ్తారట, నిజమేనా?

నిజం. 1982 డిసెంబర్‌లో గ్రీనమ్ కామన్‌లో అమెరికా అణు క్షిపణులు పెట్టొద్దని 30 వేలమంది ఆడవాళ్ళు సైనిక స్థావరం కంచె చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ అందులో ఉన్నారు, వీపున ఏడాది కొడుకుతో. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. నెలకోసారి ఊరి మధ్యలో మౌనంగా నిలబడే కార్యక్రమానికి మడత స్టూలు పట్టుకెళ్తారు.

ఇండియాతో వీళ్ళకి ఏమైనా సంబంధముందా?

చాలా ఉంది. కేరళలో ఇటుకలతో చవకగా, చక్కగా ఇళ్ళు కట్టిన లారీ బేకర్ బర్మింగ్‌హామ్ క్వేకరే. మా యార్క్‌షైర్‌లో పుట్టిన మార్జరీ సైక్స్ 1928లో మద్రాసు వచ్చి బడిలో పాఠాలు చెప్పారు. తర్వాత శాంతినికేతన్, ఆ తర్వాత గాంధీగారి సేవాగ్రామ్. 1931లో రౌండ్ టేబుల్ సమావేశాలకి వచ్చినప్పుడు గాంధీగారు బర్మింగ్‌హామ్‌లోని క్వేకర్ల చదువుల కేంద్రం వుడ్‌బ్రుక్‌కి వెళ్ళారు. 1947 ఆగస్టు 15న ఢిల్లీ సంబరాలకి దూరంగా ఆయన కలకత్తాలో ఉన్నప్పుడు పక్కన ఉన్నవాళ్ళలో హొరేస్ అలెగ్జాండర్ అనే క్వేకర్ ఒకరు. ఈయనకి పక్షుల పిచ్చి కూడా. ఆంటీకి వీళ్ళ కబుర్లు చెబితే పొద్దు తెలియదు.

చేరాలంటే ఏం చేయాలి?

తొందరేం లేదు. ఏళ్ళ తరబడి వస్తూ సభ్యత్వం తీసుకోనివాళ్ళు బోలెడుమంది, వాళ్ళని అటెండర్ అంటారు. మన ఆఫీసు అటెండర్ కాదు. సభ్యత్వం కావాలంటే ఉత్తరం రాస్తే ఇద్దరు ఇంటికొచ్చి కబుర్లాడతారు. పరీక్షలా ఉండదు. వాళ్ళు రాసిచ్చింది చుట్టుపక్కల మీటింగ్‌లన్నీ కలిసే సభ వింటుంది. నేను ఇంకా అటెండర్నే.

## ఒంట్లో బాగోలేనప్పుడు, ఆ తర్వాత

ఒక్కరే ఉంటారు కదా, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు?

రెండేళ్ళ కిందట తుంటి మార్పిడి ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మీటింగ్‌వాళ్ళు రోటా వేసి నాకూ పంపారు: ఎవరు ఏ పూట భోజనం, ఎవరు మందులు, పిల్లిని ఎవరు చూడాలి. గురువారం రాత్రి నాది, పెసరపప్పు అన్నం. నిజం చెప్పాలంటే సాయం చేయడంలో ఉన్న నేర్పు ఆవిడకి సాయం తీసుకోవడంలో లేదు. మూడోరోజే కర్ర పట్టుకుని గిన్నెలు కడుగుతూ దొరికిపోయారు. రాలేనివాళ్ళు "నిన్ను వెలుగులో ఉంచుతున్నాం" అని కార్డులు పంపారు. మనం "నీకోసం దణ్ణం పెట్టుకుంటున్నా" అన్నట్టు.

చావు గురించి అంత మామూలుగా మాట్లాడతారేమిటి? అశుభం కాదూ?

వాళ్ళ సలహాల్లో 29వది ముసలితనం గురించే. ధైర్యంగా, ఆశతో ఎదుర్కోమని, ఇతరుల మీద భారం పడకుండా ముందే ఏర్పాట్లు చూసుకోమని. తర్వాతది చావు గురించి. ఆవిడ వంటింటి సొరుగులో ఒక నీలం ఫైలుంది: వీలునామా, బ్యాంకు కాగితాలు, ఎవరెవరికి ఫోన్ చేయాలి, పిల్లి ఎవరికి. నాకు చూపించినప్పుడు నేను "అలాంటి మాటలు అనకండి ఆంటీ" అన్నాను. అనకపోతే నా కొడుకు న్యూజిలాండ్ నుంచి వచ్చి సొరుగులన్నీ వెతుక్కోవాలి కదా అన్నారు. ఆ వారమే మా నాన్నకి ఫోన్ చేసి పొలం కాగితాలు ఎక్కడున్నాయని అడిగాను. ఆయన పది నిమిషాలు కోప్పడి, పదకొండో నిమిషంలో చెప్పారు.

వాళ్ళ అంత్యక్రియలకి వెళ్ళాల్సి వస్తే ఏం చేయాలి?

మామూలు మీటింగ్‌లానే మౌనంగా కూర్చుంటారు. పోయినమనిషి గురించి చెప్పాలనిపిస్తే ఎవరైనా లేస్తారు, నవ్వించే సంగతులు కూడా చెబుతారు. నల్లబట్టలు తప్పనిసరి కాదు. మా ఊళ్ళో పాత క్వేకర్ శ్మశానం రిట్రీట్ ఆవరణలో ఉంది. మతిస్థిమితం తప్పినవాళ్ళని గొలుసులేయకుండా మనుషుల్లా చూడాలని 1796లో క్వేకర్లు తెరిచిన ఆసుపత్రి అది. ఆ శ్మశానంలో సమాధి రాళ్ళన్నీ ఒకే ఎత్తు, మోకాలి కంటే కిందికి. పేరు, తేదీలు, అంతే. చాక్లెట్ కోటీశ్వరుడు జోసెఫ్ రౌన్‌ట్రీ రాయి ఏదో వెతుక్కోవడానికి నాకు పావుగంట పట్టింది.

మా అమ్మానాన్న ఆరు నెలలకి వస్తున్నారు, ఇంగ్లీషు రాదు. ఆవిడతో కలవగలరా?

మా అమ్మకీ రాదు. మొదటి రెండు వారాలూ కిటికీలోంచి ఆవిడ వెళ్ళడం, రావడం చూసి "పాపం" అనుకుంటూ గడిపింది. మూడో వారం గురువారం ఆవిడ తలుపు కొట్టి గమ్‌బూట్లు చూపించారు. అమ్మ చీర మీద నా కోటు వేసుకుని అలాట్‌మెంట్‌కి వెళ్ళింది. అక్కడ చిక్కుడు పాదుకి కర్రలు పాతింది ఇద్దరూ వాదించుకుంటూనే, ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషులో. అమ్మ పద్ధతే నెగ్గింది. తిరిగి ఇండియా వెళ్ళే ముందురోజు ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో గురువారాలన్నిటి పక్కనా ఉన్న తన పేరుని అమ్మే రబ్బరుతో చెరిపింది. జూన్ నెల మాత్రం వదిలేసింది, మళ్ళీ అప్పుడే వస్తుంది కాబట్టి.